నూట పన్నెండో పేజీ

మైదా ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తా,
పురుగు పట్టకుండా.
యూనివర్సిటీ పిల్లోళ్లు ఐదేండ్లు, ఏడేండ్లు రాసింది
నా కాడికొచ్చేసరికి బరువే.
కిలోంబావు, ఐదు కాపీలు, నల్ల క్యాలికో,
బంగారు అచ్చు, రేపు సాయంత్రానికి కావాల.

అనంతపురంలో ఏ శాస్త్రమైనా
టవర్ క్లాక్ వెనక మా సందులోంచే పోవాల.
శెనక్కాయ వేరుకుళ్లు, పెన్న ఇసుక,
నిద్ర పట్టని ఆటో డ్రైవర్లు వందమంది,
గుట్ట కింద దొరికిన కుండపెంకులు.
నాకు ఇంగ్లీషు రాదు. అంకెలొస్తాయి.
బైండరుకు అవి చాలు.

ఆ మార్చిలో ముగ్గురొచ్చినారు ఒకే దినం.
కుళ్లాయప్పది ధాత కరువు.
గంజి కేంద్రాల రిజిస్టర్లు తిరగేసి తిరగేసి
చెదలు తిన్న చోటంతా ఖాళీ గడి గీసి పెట్టినాడు.
ఉరుకుందమ్మది బోరునీళ్లు, ఎముకలు.
లేపాక్షిది మెదడు.
"జ్ఞాపకాలు కూడేసే తావు ఇదన్నా" అని బొమ్మ చూపించింది.
సముద్రపు గుర్రం మాదిరి ఉంటాదంట, పేరూ అదేనంట.
నవ్వొచ్చింది నాకు.
వాననే సరిగా చూడని మా జిల్లా తలకాయల్లో
సముద్రపు గుర్రమేంది తల్లీ?
"ఇటొకటి, అటొకటి" అనింది, నవ్వకుండా.
"తలుచుకున్న ప్రతిసారీ విప్పి, మళ్లా కుడతాదన్నా మెదడు.
నీ పనే."

కరెంటు పోయింది.
వచ్చినప్పుడు ఫ్యాను ఐదులో ఉందని ఎవురికి గుర్తు?
మూడు కట్టలూ ఒకేసారి లేచినాయి.
నేనూ, మా చెల్లెలు కూతురు మాబున్నీ
మోకాళ్ల మీద దేకుతా
అంకె చూసి అంకె పక్కన పెట్టినాం.
ఏది కరువో, ఏది ఎముకో
అంకెకేం తెలుసు.

రాత్రి పదకొండు. కుట్టు అయిపోయింది, అంచు కోయాల.
ఊరికే తిప్పినా.
నూట పదమూడుకు ముందు అచ్చు వేరేగా ఉండాది.
మాబున్ని ఇంటర్ చదువుతాంది, చదివి తెలుగులో చెప్పింది.
"స్త్రీ. పేరు రాయలేదు. ముప్పై ఏండ్లు ఉండొచ్చు.
కట్టె పట్టుకుని వచ్చె. గంజి ఇచ్చిరి.
మరుసటి దినం రాలేదు."
ఎదురు పేజీ కూడా చదువు, అంటి.
"నలభై ఏడో నంబరు. స్త్రీ. అరవై రెండు.
గొంతుకూర్చోలేదు. మెడ తిప్పలేదు.
ఎడమ చేతికి ఆరు వేళ్లు."
ఆడ ఆగిపోయింది మాబున్ని.
నేనూ ఏం మాట్లాడలేదు.
బడి వరండాలో డాక్టరమ్మలు కూర్చోమంటే
గోడ పట్టుకుని నవ్విందంట మా అమ్మ కాశింబీ.
రెండు బిస్కట్లు ఇచ్చినారని ఇంటికొచ్చి చెప్పింది,
ఒకటి నాకు కొంగులో దాచి తెచ్చింది.

అట్లే వదిలేద్దామనిపించింది, అబద్ధమెందుకు.
ఎట్లాగూ ఎవరు చూస్తారు?
నూటా నలభై ఏండ్ల అవతల ఆ కట్టె చప్పుడు,
ఇవతల మా ఇంట్లో, గడప కాడ, ఈ కట్టె చప్పుడు.
ఒకరినొకరు చూసుకోనీ ఒక్క రాత్రి, అని
బరువు పెట్టి పండుకున్నా.

తెల్లారి దారం కోసినా.
ఎవరి పేజీ వాళ్లకు పెట్టి మళ్లా కుట్టినా.
పాత బెజ్జాలు, కొత్త బెజ్జాలు, రెండు వరసలు,
బంక కింద పోయినాయి.
కుళ్లాయప్ప ఇరవై రూపాయలు తగ్గించమన్నాడు, తగ్గించినా.
ఉరుకుందమ్మ వాసన చూసి సంచిలో పెట్టుకుంది.

ఇంటికాడ అమ్మ అడిగింది:
"నా పేరు ఏసినారా బుక్కులో?"
పేరు ఎయ్యరంటమ్మా. నంబరు ఏసినారు.
"ఎంత?"
నలభై ఏడు.
అది ఎంతో తెలుసుకునేకి
వేళ్లు మడవడం మొదలుపెట్టింది,
ఎడమ చేతి నుంచి,
ఆరోదీ కలుపుకుని.